రెండు గొంతుల్లో ఒక మాట

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక యోహాను మామ మనవడు సునీల్ మా ఇంటికి వచ్చాడు. పెళ్ళయి పిల్లలున్న మనిషి. కాలేజీలో లెక్కలు చెబుతాడు, ఇక్కడ నరసరావుపేటలో మా చర్చి క్వయర్‌ని నడిపేదీ అతనే. వెంట పాడేవాళ్ళందరినీ తీసుకొచ్చాడు. అంతమంది కూర్చునే చోటు నా ముందుగదిలో ఎక్కడుంది? కొందరు మంచం మీద, కొందరు కింద చాప మీద, ఇద్దరు గడపలో సర్దుకున్నారు. టీ పెడతానంటే వద్దన్నారు, పెట్టాక తాగారు. ఈ కాలప్పిల్లలు అన్నింటికీ ముందు వద్దంటారు. గ్లాసులు ఖాళీ అయ్యాక సునీల్ గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాడు. "రాళ్ళ దారి పాట గురించి వచ్చాం మేడమ్. తాతయ్య నేర్పినట్టే పాడుతున్నాం గానీ ఒక్కచోట తప్పుంది. రాజా అనే మాటని మొదటి గొంతు 'రా' అని సాగదీసి మధ్యలో వదిలేసిద్ది, అక్కణ్ణించి రెండో గొంతు అందుకుని 'జా' అంటది. ఒక మాటని రెండు ముక్కలు చేసి ఇద్దరి నోట్లో పెట్టినట్టుంది. ఏ పాటలోనూ ఇట్టా లేదు. తాతయ్యకి పెద్దతనంలో గుర్తు తప్పి ఉంటదని మా అనుమానం. పాట కట్టింది మీ నాన్నగారు గదా, మిమ్మల్ని ఒక మాట అడిగి సరిచేసుకుందామని వచ్చాం."

నాకు జవాబు తెలుసు. ఆ జవాబు నా ఎడమచేతి మణికట్టు దగ్గర ఇప్పటికీ ఉంది. కానీ చాప మీద కూర్చున్న ఆ పిల్లల మొహాలు చూసి, గ్లాసులు తీసే వంకతో వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను.

మా ఊరు పిడుగురాళ్లకి నడిచి పోయేంత దూరం. ఊరంటే ఊరు కాదు, సున్నపు బట్టీల వెనకాల మా పల్లె. ఇంటి కప్పులు తెల్లగా, వేపాకులు తెల్లగా, బర్రెల వీపులు కూడా తెల్లగా ఉండేవి. వాన పడితేగానీ ఏ చెట్టుది ఏ రంగో తెలిసేది కాదు. మా అమ్మ సుగుణమ్మ బట్టీలో పనిచేసేది. రాయి ఒక పొర, బొగ్గు ఒక పొర, గంపలు నెత్తిన పెట్టుకుని పైకెక్కి పోయడం, కాలిన సున్నం కిందనించి లాగి జల్లెడ పట్టడం. మా నాన్న పల్లెలో చర్చి వాళ్ళ బడికి పంతులు. పంతులు పెళ్ళాం బట్టీకి పోవడమేందని నలుగురూ అనేవారు గానీ, ఆ బడి జీతం ఎప్పుడొస్తే అప్పుడే. అమ్మ పనికి పోకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. అందుకని అనేవాళ్ళు అంటూనే ఉన్నారు, అమ్మ పోతూనే ఉంది.

సాయంత్రం అమ్మ ఇంటికొచ్చే వేళకి నేను ఆముదం గిన్నె, గోనెగుడ్డ గడప దగ్గర పెట్టేదాన్ని. ఒంటిమీద సున్నం ఉండగా నీళ్ళు పోసుకుంటే చర్మం కాలుతుంది. ముందు ఆముదం పట్టించుకోవాలి, గోనెగుడ్డతో తుడుచుకోవాలి, నీళ్ళు ఆ తర్వాత. వీపు తుడిచే పని నాది. తుడుస్తుంటే అమ్మ పాడేది. బట్టీలో ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దంతా మూసుకున్న నోరు, ఇంటికి రాగానే తెరుచుకునేది. ఆముదం వాసన, తడిసిన సున్నం ఘాటు, పొయ్యి మీద జొన్నన్నం ఉడుకుతున్న వాసన, వాటి మధ్య అమ్మ గొంతు. నాకు పాటంటే ఇప్పటికీ ఆ వాసనే. దుమ్ముకి మంచిదని బట్టీలో ఆడవాళ్ళకి బెల్లం ముక్క ఇచ్చేవారు. అమ్మ అందులో సగం కొంగున కట్టుకొచ్చి నాకిచ్చేది. ఆ సగం కూడా తానే తిని ఉంటే ఇంకో ఏడాది బతికేదేమోనని చిన్నతనంలో లెక్కలు వేసుకునేదాన్ని. బెల్లానికి అంత శక్తి లేదని ఇప్పుడు తెలుసు. తెలిసినా బెల్లం చూస్తే నోరు చేదవుతుంది.

అమ్మ పాడే పాట వాళ్ళ అవ్వది. సారమ్మవ్వ. బావి దగ్గర యేసయ్య ఒక తక్కువ కులపు ఆడమనిషిని తాగడానికి నీళ్ళడిగిన కథ ఎవరో వచ్చి పల్లెలో చెప్పారట. ఆ రోజు ఆమె జొన్నలు విసురుతూ తిరగలి పాట వరసలోనే ఈ పాట కట్టిందట.

రాళ్ళ దారిలోన నడిచి వచ్చినావ
కాళ్ళకు చెప్పుల్లేని రాజా
నీళ్ళు అడిగినావ మా చేతి నీళ్ళు
ఎవరూ తాగని నీళ్ళు రాజా

అంతే. ఇంకో రెండు చరణాలున్నాయి గానీ పాటంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. పాటల పుస్తకంలో ఇది లేదు. తిరగలి వరస గుళ్ళో పనికిరాదని ఆ రోజుల్లో పెద్దలు తీసేశారట. నరసరావుపేట పెద్ద గుళ్ళో ఒకసారి సారమ్మవ్వ వెనక వరసలో కూర్చుని తనంతట తానే అందుకుంటే, ఎవరో వచ్చి భుజం తట్టి ఆపమన్నారట. ఆ మాట చెప్పినప్పుడల్లా అమ్మ భుజం తడుముకునేది, తన భుజాన్నే తట్టినట్టు. "ఆ గుళ్ళో నేనొక్కసారి పాడాలే రూతమ్మా. మొదటినించీ చివరిదాకా. నన్నెవుడు ఆపుతాడో చూస్తా" అనేది.

ఆ అవకాశం ఒక తగువులోంచి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలన్నీ ఏడాదికోసారి పండగకి నరసరావుపేట పెద్ద గుళ్ళో కూడేవి, ఊరికొక పాట. అంతకుముందు ఏడాది డోలకు ముందు వాయించాలా, డప్పు ముందు వాయించాలా అని రెండు ఊళ్ళవాళ్ళు గుడి మెట్ల మీద కలబడ్డారు. ఒకాయన తలకి కుట్లు పడ్డాయి. దాంతో పెద్దలు కోపగించి, ఈసారి ఏ వాద్యమూ తేకూడదు, గొంతులతోనే పాడండి, పాట మీ ఇష్టం అన్నారు. మిగతా ఊళ్ళు బెంబేలెత్తాయి. మా నాన్న మాత్రం మొహం వెలిగిపోయి ఇంటికొచ్చాడు. ఆయన ట్రైనింగు స్కూల్లో చదివేటప్పుడు నాలుగు గొంతుల పాట నేర్చుకున్నాడు. ఆడవాళ్ళవి రెండు గొంతులు, మగవాళ్ళవి రెండు, నాలుగూ వేర్వేరు వరసల్లో ఒకే పాటని మోయడం. మా పల్లెలో ఆ విద్య ఎవరికి కావాలి? ఇంతకాలం ఆయన దగ్గర ఊరికే పడి ఉంది. "సుగుణా, మీ అవ్వ పాటని నాలుగు గొంతులకి కడతానే. ముందు నిలబడి ఎత్తుకునేది నువ్వే" అన్నాడు. అమ్మ ఆముదం చేతులతోనే మొహం కప్పుకుంది. సంతోషంతో ఏడ్చిందనే అనుకున్నాం.

అప్పటికే ఆమెకి ఆయాసం మొదలైంది. గంపతో పైకెక్కి మధ్యలో ఆగుతోందని తోటి ఆడవాళ్ళకి తెలుసు, మాకు తెలియదు.

పదో తరగతి లెక్కల్లో తప్పి నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నన్ను రెండో గొంతులో వేశాడు నాన్న. పని దిగి వచ్చాక, పొద్దు వాలేలోపు బడి అరుగు మీద సాధన. ఒక్కో గొంతుకీ ఒక్కో చోటు. మొదటి గొంతు అరుగు మీద, రెండో గొంతు బడి వెనక, మగవాళ్ళ రెండూ బోరింగు పంపుకి చెరోపక్క. ఒకళ్ళది ఒకళ్ళకి వినపడితే అందరూ అమ్మ వరసలోకే జారిపోతారని ఆయన భయం. నాన్న శ్రుతి చూసుకునే ఇనప ఫోర్కుని మోకాలి మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మ్మ్ అంటూ ఒక గుంపు నించి ఇంకో గుంపుకి పరుగెత్తేవాడు. రోడ్డు మీద లారీ పోతే ఆ మ్మ్ పోయేది, మళ్ళీ మోకాలు బాదుకునేవాడు. క్వారీలో రాళ్ళకి బెజ్జాలు వేసే యోహాను మామది నాలుగో గొంతు, అన్నిటికన్నా కింద. "మాస్టారూ, ఇదేం పాటయ్యా, ఒకటే నీళ్ళు నీళ్ళు అంటా ఒక్కచోటే నిలబడ్డా. నన్ను కూడా కాస్త తిరగనీయవయ్యా" అని ఆయన గోల. "నువ్వు నేలవి మామా. నేల తిరిగితే మిగతావాళ్ళు యాడ నిలబడాల?" అనేవాడు నాన్న.

మొదటిసారి నాలుగు గొంతులూ కలిపిన రోజుదాకా అవ్వ పాట అంత పెద్దదని నాకు తెలియదు. కానీ రెండో పాదం చివర 'రాజా' దగ్గర అమ్మ గొంతు తెగింది. ఆ మాటని పొడుగ్గా సాగదీయాలి, తిరగలి ఒక చుట్టు తిరిగేంత పొడుగు. నాన్న చెయ్యి ఎత్తి అందరినీ ఆపి విసుక్కున్నాడు. "ఏందే, ఇన్నేళ్ళు పాడినదానివి ఊపిరి యాడ తీసుకోవాలో తెలవదా?" అమ్మ మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే తెగింది. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగలేదు. స్తంభం పట్టుకుని వంగిపోయింది. నాన్న చేతిలో ఫోర్కు ఎత్తింది ఎత్తినట్టే ఉంది. ఆయన మొహంలో విసుగు పోయి భయం రావడం నేను అప్పుడే చూశాను, ఆ తర్వాత ఆ భయం ఆయన్ని వదల్లేదు.

ఆసుపత్రిలో ఫోటో తీసి చూపించారు. ఊపిరితిత్తుల్లో సున్నం పేరుకుంది, బట్టీ మానేయాలి, మానేసినా పోయిన ఊపిరి తిరిగిరాదు అన్నాడు డాక్టరు. నాన్నకి మొదటి రెండు మాటలే వినిపించాయి. బట్టీ మానిపించాడు. మానేస్తే తగ్గుతుందని పల్లెంతా చెప్పుకుంటూ తిరిగాడు. తాటిబెల్లం పాకం, అడ్డసరం కషాయం, పాస్టరుగారి నూనె, ఉపవాస ప్రార్థన, ఒకటి కాదు. ఎవరేం చెబితే అది. మా పక్కనే ఇమాంబీ అత్త ఉండేది. వాళ్ళాయన హైవే మీద లారీలు బాగుచేసే మెకానిక్కు. ఆమె ఒకరోజు గోడ మీదనించి అంది, "మాస్టారూ, ఏమీ అనుకోమాక. దర్గాలో నీళ్ళు ఊది ఇస్తారు. మా చిన్నోడికి దాంతోనే తగ్గింది. నే తెచ్చిస్తా." గుళ్ళో ప్రసంగం చెప్పే మనిషి, ఆదివారం బడి నడిపే మనిషి, రెండు చేతులూ జోడించి "తీసుకురా అక్కా" అన్నాడు. ఇమాంబీ అత్త సీసాలో నీళ్ళు తెచ్చి తన చేత్తోనే అమ్మకి తాగించింది. అమ్మ తాగుతూ తాగుతూ నవ్వి, "ఎవరూ తాగని నీళ్ళు రాజా" అని సన్నగా పాడింది. అత్తకి ఆ పాట సంగతి తెలియదు. నాన్నకి తెలుసు, దొడ్లోకి పోయి గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

పాట మానేద్దాం అన్నారు అందరూ. మరొకళ్ళు ఎత్తుకోవచ్చు, మా చిన్నమ్మకి మంచి గొంతుంది. అమ్మ ఒప్పుకోలేదు. "పండగదాకా బతుకుతా. నా పాట నేనే పాడతా. ఇంకోళ్ళ చేత పాడించావో, నీ మొహం చూడను" అంది నాన్నతో. అప్పుడు నాన్న చేసిన పని మా పల్లెలో మా నాన్న తప్ప ఇంకెవరూ చేసి ఉండరు. అమ్మ ఊపిరి ఎక్కడ తెగుతుందో చూసి, అక్కడ పాటని మార్చాడు. పాదం చివర తెగితే ఆ చివర రెండో గొంతుకి ఇచ్చాడు. పక్కనే నిలబడి అదే స్థాయిలో, అదే బలంతో నేను అందుకోవాలి, అందుకున్నట్టు వినపడకూడదు. "మీ అమ్మ గొంతులాగే పాడాలి రూతూ. నీ గొంతు నాకు వద్దు" అన్నాడు. ఇంటి దగ్గర నన్నూ అమ్మనీ పక్కపక్కన కూర్చోబెట్టి, తాను కళ్ళు మూసుకుని, ఎక్కడ మారిందో పట్టుకుంటాను చూడమనేవాడు. మొదట్లో ప్రతిసారీ పట్టుకునేవాడు. కొన్నాళ్ళకి ఒకరోజు పట్టుకోలేకపోయాడు. ఆ రోజు పిచ్చి సంతోషంతో ఎగిరాడు, ఆమెకి జబ్బు నయమైనట్టే.

కానీ అమ్మ ఊపిరి ఒక చోట నిలబడలేదు. ఈ వారం పాదం చివర తెగితే వచ్చే వారం పాదం మధ్యలో తెగేది. ఆయన మళ్ళీ మార్చేవాడు. నాకు ఇంకొంచెం, చిన్నమ్మకి ఇంకొంచెం, మగవాళ్ళకి ఒక మూలుగు. ఆ సందుల్లో అమ్మ ఊపిరి తీసుకునేది. పాట అందంగా తయారైంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గొంతులన్నీ ఒకదాంట్లోంచి ఒకటి వస్తూ పోతూ, ఎవరు ఎప్పుడు మొదలెట్టారో తెలియకుండా సాగేది. విన్నవాళ్ళు మాస్టారి తెలివికి ముక్కున వేలేసుకునేవారు. అది తెలివి కాదు, ఒక మనిషి మునిగిపోతుంటే అందిన చీరె, తాడు, తువ్వాలు అన్నీ ముడేసి నీళ్ళలోకి విసరడం. చివరికి 'రాజా' అనే ఒక్క మాట కూడా అమ్మకి అందకుండా పోయింది. 'రా' అనేసరికే అయిపోయేది. నాన్న ఒక పూటంతా తల పట్టుకుని కూర్చుని, మాటని మధ్యలో విరిచాడు. 'రా' ఆమెది, 'జా' నాది. చేత్తో గాల్లో గీసి చూపించాడు, ఇక్కడిదాకా నువ్వు, ఇక్కణ్ణించి అమ్మాయి అని.

అమ్మ ఆ చెయ్యి ఆగిన చోటునే చూసి, "బతికుండగానే ఆస్తి పంచినట్టు పంచుతున్నావు గదయ్యా నా పాటని" అంది.

"నువ్వు కాస్త గాలి పీల్చుకోటానికేనే సుగుణా."

"గాలి పీల్చుకోటానికి పాట ఎందుకు? ఊరకే కూసుని పీల్చుకుంటా."

"మరి మానేద్దామా? చెప్పు, ఇప్పుడే మానేద్దాం."

అమ్మ తల అడ్డంగా ఊపింది. నా ఎడమచేతి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "రూతమ్మా, నా వల్ల కానప్పుడు నీ చెయ్యి నొక్కుతా. నొక్కంగానే అందుకో. మీ నాన్న గీసిన గీత పక్కన పెట్టు, నా చెయ్యి చూసుకో." అప్పటినించి సాధనలో నాకు ఆమె వేళ్ళే గుర్తులు. సరిగ్గా 'రా'కీ 'జా'కీ మధ్య నొక్కేది. ఒక్కోసారి దిగాలుపడి ముందే నొక్కేది, మళ్ళీ పట్టుదలతో తానే ఈడ్చుకొచ్చేది. ఆ వేళ్ళలో ఎముకలే మిగిలాయి, అయినా ఎంత బలమో.

పండగ రోజుకి ఇమాంబీ అత్త మొగుడు తాను బాగుచేసిన లారీ ఒకటి మాట్లాడిపెట్టాడు. సున్నం మోసే లారీయే, ఎంత కడిగినా సందుల్లో తెల్లగా ఉంది. నాన్న తెల్లారకముందే లేచి దాన్ని తడిగోనెలతో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. అమ్మని డ్రైవరు పక్కన కూర్చోబెట్టి తడిగుడ్డ ముక్కుకి పట్టుకోమన్నాడు. మేమంతా వెనకాల. దారి పొడుగునా ఆడవాళ్ళు పాటలు పాడుతుంటే నాన్న మాత్రం డ్రైవరు వెనకున్న అద్దంలోంచి అమ్మ తల కదులుతుందా లేదా అని చూస్తూనే ఉన్నాడు. ప్రార్థన చేశాడో లేదో నాకు తెలియదు. నేను చేశాను. ఒక్కపూట ఊపిరి ఇమ్మని, నాదయినా తీసి ఇమ్మని అడిగాను. దేవుడు వినలేదు. ఈ మాట గుళ్ళో ఎన్నడూ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

పెద్ద గుడి కిక్కిరిసి ఉంది. మా వంతు వచ్చాక ముందుకెళ్ళి నిలబడ్డాం. సారమ్మవ్వ కూర్చున్న వెనక వరస ఎక్కడో అమ్మ కళ్ళతో వెతికింది, నేను గమనించాను. తెల్లచీర, నూనె రాసి గట్టిగా దువ్విన జుట్టు. నాన్న మోకాలి మీద ఫోర్కు కొట్టాడు. గుడంతా నిశ్శబ్దంగా ఉంటే ఆ మ్మ్ మొదటిసారి మా అందరికీ వినపడింది. యోహాను మామ నేల వేశాడు. దాని మీద మిగతా మగవాళ్ళు. అమ్మ ఎత్తుకుంది.

"రాళ్ళ దారిలోన" అంది. ఆ రెండు మాటలూ ఆమెవే. ఆ గుళ్ళో, మొదటి మాట నించీ, తలెత్తి. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. 'నడిచి' దగ్గర వేళ్ళు బిగిశాయి. ఇంత ముందెప్పుడూ నొక్కలేదు. నేను అందుకున్నాను. వదులుతుందేమోనని చూశాను, వదల్లేదు. 'చెప్పుల్లేని' వచ్చింది, వేళ్ళు ఇంకా బిగిశాయి. 'రా' ఆమెది. ఆ 'రా' కోసం ఒక్క క్షణం అందరం ఎదురుచూశాం. రాలేదు. నేనే అన్నాను, అమ్మ గొంతుతో అన్నాను. నా 'జా' చిన్నమ్మ వేసింది. పక్కకి చూస్తే అమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రతి మాటకీ కదులుతున్నాయి, చప్పుడు లేదు. మొహం మీద చెమట, కళ్ళు విప్పార్చి ఎదురుగా చూస్తూ, పాడుతున్నట్టే మెడ నరాలు లేచి. పాటంతా ఆమె నా చెయ్యి నొక్కుతూనే ఉంది. రెండో చరణం, మూడో చరణం. గొంతులు ఒకదాంట్లోంచి ఒకటి వచ్చి పోతూ ఉన్నాయి, మా నాన్న కట్టిన కట్టుకి ఎక్కడా చిల్లు పడలేదు. ఎదురుగా చేతులు ఆడిస్తున్న నాన్నకి తెలిసింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం ఆపలేదు. ఆపితే జనానికి తెలిసిపోతుంది.

బయటికి వచ్చాక ఆడవాళ్ళు మూగారు. ఎవరో పెద్దావిడ అమ్మ గడ్డం పట్టుకుని, "ఏం గొంతు తల్లీ నీది! ఈ వయసులో కూడా గంట కొట్టినట్టు మోగింది" అంది. ఇంకొకావిడ "మొదటినించి చివరిదాకా ఒక్క ఊపిరిలా పాడావమ్మా" అంది. అమ్మ నవ్వింది, చేతులు జోడించింది. లారీ దాకా నాన్నా నేనూ చెరోపక్కా పట్టుకుని నడిపించాం. ఎక్కబోతూ ఆగి నాన్న వైపు తిరిగింది. మాట మాటకీ ఆగుతూ అంది, "బాగా కుట్టావయ్యా. అతుకు కనపళ్ళా. నేను లేకపోయినా... ఎవరికీ తెలవలా."

ఆ మాటలో నింద లేదు. నిజంగా మెచ్చుకుందనే నేను అనుకుంటాను. కానీ మా నాన్న ఆ మాటకి లారీ చక్రం పక్కన మట్టిలో కూలబడ్డాడు. ఆమె లేకుండా పోకూడదని ఆయన కట్టిన పాట, ఆమె లేకుండా నడిచే పాటయింది. యోహాను మామ రెక్క పట్టి లేపేదాకా లేవలేదు.

మిరపకోతలు మొదలవకముందే అమ్మ పోయింది. మట్టి చేసేటప్పుడు అందరూ ఆ పాటే అందుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. 'చెప్పుల్లేని' దాకా వచ్చింది. ఆ తర్వాత ఎవరూ 'రా' అనలేదు. అది అమ్మది కదా, నా చెయ్యి నొక్కేవాళ్ళు లేరు కదా. అంతమందీ ఆగిపోయారు. గాలి మాత్రం సున్నపు దుమ్ముని లేపుకుని పోయింది. చాలా ఆలస్యంగా, ఎక్కడినించో, యోహాను మామ ఆ బండ గొంతుతో 'రా' అన్నాడు. నేను 'జా' అన్నాను. నాన్న ఆ తర్వాత చాలాకాలం బతికాడు గానీ ఏ పాటకీ మోకాలి మీద ఫోర్కు కొట్టలేదు. పాటని ఊరూరా తీసుకుపోయి నేర్పింది మామే. ఎక్కడ నేర్పినా ఆ మాటని విరిచే నేర్పాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

గ్లాసులు తుడిచి ముందుగదిలోకి వచ్చాను. సునీల్ ఫోన్లో ఏదో నొక్కి శ్రుతి పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఇప్పుడు మోకాలు బాదుకోనక్కర్లేదు, ఎంత కావాలంటే అంతసేపు ఆ ఫోను మ్మ్ అంటూనే ఉంటుంది. "మీ తాతయ్య ఏమీ మర్చిపోలేదు. అది అట్లాగే ఉండాలి" అన్నాను.

"ఎందుకు మేడమ్? కారణం తెలిస్తే పిల్లలకి చెబుతా."

"అక్కడ ఊపిరి తీసుకోవాలి" అన్నాను.

సునీల్ మర్యాదగానే అన్నాడు, "వీళ్ళకి అక్కడ ఊపిరి అవసరం లేదు మేడమ్. చూడండి, ఎంత దూరమైనా లాగుతారు." పిల్లల వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు. "సరే, మేడమ్ చెప్పినట్టే, ఉన్నది ఉన్నట్టు పాడండి."

పాడారు. నా ముందుగదిలో, మంచం మీద కూర్చున్నవాళ్ళు మంచం మీదే, గడపలో ఉన్నవాళ్ళు గడపలోనే. మొదటి గొంతు అమ్మాయి నాకు దగ్గరగా కింద చాప మీద ఉంది. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి, శుభ్రమైన మొహం, గుండ్రటి భుజాలు. సున్నం ఎట్లా ఉంటుందో కూడా చూసి ఉండదు, చూడకూడదు కూడా. 'కాళ్ళకు చెప్పుల్లేని' అంటూ వచ్చి, 'రా' అని నిండుగా ఎత్తుకుంది. నా ఎడమచెయ్యి నాకు తెలియకుండానే ఒళ్ళోంచి లేచి చాపబడింది. ఎవరూ నొక్కలేదు. అమ్మాయి చెప్పినట్టే మాట మధ్యలో ఆగింది, పక్కమ్మాయి అందుకుంది. ఆగిన అమ్మాయి ఛాతీ ఇంకా నిండుగానే ఉంది. ఖర్చు కాని ఊపిరిని ముక్కులోంచి మెల్లగా, ఊరికే, బయటికి వదిలేసింది.